నాలుగు నిమిషాల పది సెకన్లు

“సూటూ లేదు, కోటూ లేదు. నన్నడక్కు.”

అంత మాటా అనేసి వదిన బీన్స్ కాయల చివరలు తుంచడంలో పడింది. తుంచే ప్రతి చివరా ఎవరిదో పీక అయినట్టు తుంచుతోంది.

లెక్కల టీచరమ్మ బాల్కనీలో బట్టల తీగ కింద నిలబడి ఉంది. పొద్దున ఎనిమిదింటికి ఆ తీగ మీద ఆమె నల్లటి స్విమ్ సూట్ ఆరుతూ ఉంది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. తీగ మీద రెండు క్లిప్పులు మాత్రం, మధ్యలో ఏమీ లేకుండా, మూరెడు ఎడంగా బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. నాలుగు గంటలకు ఈతకొలను దగ్గర పరీక్ష.

“గాలికి పోయి ఉంటుంది,” అంది వదిన తల ఎత్తకుండా.

“బట్ట తీసుకుపోయిన గాలి క్లిప్పుల్ని మళ్ళీ తీగకి పెట్టి పోదు కదా వదినా.”

“ఏమో! ఈ మధ్య ఈ ఇంట్లో మనుషులే నీళ్ళలోకి ఎగిరి దూకుతున్నారు. బట్టకేం వచ్చింది?”

ముందు గదిలో కిటికీ పక్కన బల్ల మీద గోడగడియారం ఒకటి కడుపు విప్పుకుని పడి ఉంది. దాని ముందు టీచరమ్మ భర్త, కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, పట్టకారుతో ఒక మరను పట్టుకుని వంగి కూర్చున్నాడు. ఆదివారం దుకాణం మూసినా అతను పని మూయడు. ఈ తొమ్మిది రోజులుగా ఆ భూతద్దం అతనికి కంటికన్నా ఎక్కువగా ముఖానికి అడ్డుగా పనికివస్తోంది.

తొమ్మిది రోజులు! టీచరమ్మ చేతిసంచిలో కొలను వాళ్ళ కార్డు దొరికి, సాయంత్రాల ‘స్పెషల్ క్లాసు’ ఏ నీళ్ళలో జరుగుతోందో బయటపడిన నాటి నుంచి వదిన ఆమెతో నేరుగా మాట్లాడలేదు. “ఒరేయ్, మీ ఆవిడకి చెప్పు, అన్నం చల్లారిపోతోందని,” అని తమ్ముడితో అనేది. ఆ ‘ఆవిడ’ మూడడుగుల దూరంలోనే కంచం ముందు కూర్చుని ఉండేది. ఈ రోజు నేరుగా అడిగితే నేరుగా జవాబు వచ్చిందంటే, దాన్ని సంధి అనుకోవాలో యుద్ధం ముదిరిందనుకోవాలో తెలియలేదు.

ఆ వీధిలో వదినను అందరూ సుప్రీంకోర్టు అంటారు. ఆమె తీర్పు మీద అప్పీలు లేదు గనక. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి తన చేతుల మీద పెంచి, చదివించి, పని నేర్పించి, పెళ్ళి చేసిన మనిషి. ఆమె నోటికి భయపడినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆమె చేతి సాయం పొందనివాళ్ళు మాత్రం ఆ వీధిలో తక్కువ.

“వదినా, మీరే తీశారు.”

“తీశాను. అయితే?”

టీచరమ్మ ఈ ఒప్పుకోలుకు సిద్ధంగా లేదు. దొంగతనం రుజువు చేయడానికి మూడు నాలుగు మెట్ల తర్కం సిద్ధం చేసుకుని ఉంది. దొంగే ఒప్పేసుకుంటే ఆ తర్కం అంతా వృథా.

“అయితే ఇవ్వండి. టైమవుతోంది. రెండున్నర కావస్తోంది.”

“రెండూ ఇరవై ఒకటి,” అన్నాడు భర్త, మర మీద నుంచి చూపు తిప్పకుండా.

“ఇదొక్కటి చెప్పడానికి మాత్రం నోరొస్తుంది నీకు,” అంది వదిన. “పెళ్ళాం నీళ్ళలో పడుతుందిరా అంటే మాత్రం మరల్లో తల దూరుస్తావు.”

“పడటం లేదు వదినా, ఈదుతున్నాను. రెంటికీ తేడా ఉంది.”

“యాభై నాలుగేళ్ళకి ఏం తేడా ఉండదు.”

టీచరమ్మ లోపలికి వచ్చి వదిన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మోకాలు టక్కుమంది. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు.

“ఇదిగో, ఇందుకే,” అంది టీచరమ్మ. “మా బడి మూడో అంతస్తు. యాభై రెండు మెట్లు. రెండు నెలల కిందట ముప్ఫై నాలుగో మెట్టు దగ్గర ఊపిరి అందక చతికిలబడ్డాను. తొమ్మిదో తరగతి పిల్లలు కుర్చీ పట్టుకొచ్చారు. కుర్చీ తెచ్చినందుకు కాదు నా బాధ. ఒక్కడూ నవ్వలేదు వదినా. ఆ వెధవలు బల్లి తోక తెగిపడినా నవ్వుతారు. నన్ను చూసి నవ్వలేదు.”

వదిన చేతిలో కాయ ఒక్క క్షణం ఆగింది.

“మర్నాడే హెడ్మిస్ట్రెస్ పిలిచి, కింద ఆఫీసులో హాజరు పట్టికలు చూసుకోండి మేడం, మెట్లెందుకు, అంది. ఈ ఏడాది చివర్లోగా నేను మెట్లెక్కగలనని చూపించకపోతే నా క్లాసు ఇంకొకళ్ళకి పోతుంది.”

“పోనీ. కుర్చీ ఇస్తామంటే కాదని ఈత కొట్టేవాళ్ళుంటారా?”

“ఇవాళ కుర్చీ ఇచ్చినవాళ్ళు రేపు ఆ కుర్చీతో సహా బయట పెడతారు.”

“నడవొచ్చుగా మరి! వీధి చివరిదాకా, వెనక్కీ.”

“నడకకి మోకాళ్ళు ఒప్పుకోవు. నీళ్ళలో బరువు తేలిపోతుంది, ఊపిరి పెరుగుతుంది, కీళ్ళ మీద పడదు. డాక్టరు చెప్పాడు. నేనూ చదివాను. నడుం లోతులో నాలుగు వారాలు ఈదాక నిన్న నలభై మెట్లు ఆగకుండా ఎక్కాను. ఇవాళ పరీక్షలో నెగ్గితే లోతు లేన్లోకి రానిస్తారు. నెగ్గకపోయినా, వెళ్ళకపోయినా, మళ్ళీ ఆరు నెలలకే. అప్పటికి నా క్లాసు ఉండదు.”

“ఆరు నెలలు ఆగితే ప్రాణం ఉంటుంది.”

అదిగో, మాట అక్కడికే వస్తుంది. తొమ్మిది రోజులుగా ఏ దారిన బయలుదేరినా తగవు చివరికి ఆ గుమ్మం ముందే ఆగుతోంది. గండం. నీటి గండం. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ మాట ఆ ఇంటికి పైకప్పులా ఉంది. ఎవరూ తలెత్తి చూడరు. అందరూ దాని కిందే తిరుగుతారు.

టీచరమ్మ దాన్ని ఏనాడూ నమ్మలేదు. నీటికి ఎవరి మీదా పగ ఉండదని ఆమెకు తెలుసు. మనిషి ఎంత నీటిని పక్కకు తోస్తే, సరిగ్గా అంత నీటి బరువుతో నీరు ఆ మనిషిని పైకి నెడుతుంది. పేరు అడగదు, పుట్టిన వేళ అడగదు. కాలేజీ రోజుల్లో చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు బారలు వేసుకుంటూ పోయిన పిల్ల ఆమె. అయినా పెళ్ళయిన మొదటి ఏడు, ఎవరో జోస్యుడు నీటి గండం ఉందన్నాడని, ఈ వదిన రెండు చేతులూ పట్టుకుని ఏడిచింది. జోస్యానికి వంగని తల ఆ ఏడుపుకు వంగింది. ఒక్క నెల ఆగుదాం, ఈవిడ భయం తీరాక మళ్ళీ దిగుదాం అనుకుంది. ఆ నెల ఇరవై తొమ్మిదేళ్ళు నడిచింది.

ఇంకా విచిత్రం, ఆ జోస్యుడు అన్న మాట ఏమిటో ఇప్పటివరకూ ఆమె వినలేదు. పైకి అంటే తగులుతుందని వదిన అనేది కాదు.

“వదినా, ఒక్కటి అడుగుతాను. ఆ మనిషి ఏమన్నాడో చెప్పండి.”

“అనకూడదు.”

“నన్ను చంపేది ఏదో నాకు తెలియక్కర్లేదా?”

“అనకూడదన్నానా!”

“సరే. అనొద్దు.” టీచరమ్మ లేచి చేతిసంచి భుజానికి తగిలించుకుంది. “సూటూ ఇవ్వొద్దు. ఈ బట్టలతోనే దూకుతాను. తడిస్తే ఇవి ఎంత బరువెక్కుతాయో మీకు తెలియదు. గండానికి కూడా పని సులువవుతుంది.”

“ఒరేయ్, చూడరా! చూడరా దీని మాటలు!”

“అక్కా…” అన్నాడు భర్త. ఆ తరువాత నీళ్ళు నమిలాడు.

“వెళ్ళొస్తాను,” అని టీచరమ్మ గుమ్మం దాకా నడిచింది.

వదిన ఒళ్ళో కాయలన్నీ నేలరాలేలా లేచింది. ఇన్నేళ్ళు పంటి బిగువున పట్టుకున్నది నోరు దాటి వచ్చేసింది.

“నీళ్ళలో నాలుగు నిమిషాల పది సెకన్లు ఈమెవి కావు! అదీ వాడన్నది! అన్నాను. అనిపించావు. చాలా? ఇప్పుడు వెళ్ళి దూకు!”

బల్ల మీద నుంచి చిన్న మర ఒకటి జారి, నేల మీద టింగుమని, బీరువా కిందికి దొర్లిపోయింది. భర్త దాన్ని వెతకడానికి వంగలేదు.

టీచరమ్మ గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది.

“ఎన్ని నిమిషాలు?”

“నాలుగు నిమిషాల పది సెకన్లు. మళ్ళీ అనిపిస్తావేం?”

“సెకన్లా?”

“అవును, సెకన్లు. అయితే?”

“జోస్యుడు సెకన్లు అన్నాడా వదినా? గడియ అంటాడు, జాము అంటాడు, మహా అయితే మూడు నెలలు అంటాడు. పది సెకన్లు అన్నాడా? అతని చేతిలో వాచీ ఉందా?”

“నాకేం తెలుసు ఏముందో! నేనేమైనా వెళ్ళానా? నాకు జ్వరం, వీడిచేత పంపించాను.”

“ఎవరిచేత?”

“వీడే. మీ ఆయనే. జోస్యాలంటే నవ్వేవాడు కదా, పోనంటే పోనన్నాడు. బతిమాలి పంపించాను. నవ్వుకుంటూనే వచ్చాడు. ‘అక్కా, ఆ పిచ్చాడేదో కూశాడు, నువ్వు పట్టించుకోకు’ అన్నాడు. ఏం కూశాడో చెప్పమంటే చెప్పడే! గంటసేపు కాళ్ళూ వేళ్ళూ పడితే అప్పుడు చెప్పాడు.”

ఆ మాటల్లో దేనితో ఏది కలపాలో టీచరమ్మకు అట్టే సేపు పట్టలేదు. జీవితంలో ఒక్కసారైనా ‘ఓ ఐదు నిమిషాలు’ అనని మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అన్నం ఎంతసేపట్లో తింటారంటే పదకొండు నిమిషాలంటాడు. జోస్యాన్ని నమ్మేవాడు దాన్ని మోసుకొస్తే ఎవరైనా అనుమానిస్తారు. నమ్మనివాడు, అదీ నవ్వుతూ మోసుకొస్తే అనుమానించేది ఎవరు?

“ఏమండీ,” అంది. “ఆ భూతద్దం తీసి మాట్లాడండి.”

అతను తీశాడు. కంటి చుట్టూ ఎర్రటి గుండ్రటి మచ్చ.

“ఆ జోస్యుడి ఇంటికి మీరు వెళ్ళారా?”

అతను భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడవసాగాడు.

“వెళ్ళారా?”

“వీధి చివరిదాకా వెళ్ళాను,” అన్నాడు భర్త. “తలుపు తట్టలేదు.”

“ఒరేయ్!” అంది వదిన. సుప్రీంకోర్టు నోట మాట పడిపోవడం ఆ ఇల్లు ఎప్పుడూ చూడలేదు.

“మరి ఆ నాలుగు నిమిషాల పది సెకన్లు?”

“నువ్వే.” అతను భూతద్దాన్ని బల్ల మీద పెట్టాడు. “మన పెళ్ళయిన కొత్తలో. చెరువులో ఈదుతున్నావు. ఒడ్డున నన్ను నిలబెట్టి, స్టాప్ వాచ్ చేతికిచ్చి టైము చూడమన్నావు. నీ టోపీ ఎర్రది. చెరువు మధ్యలో ఒక పెద్ద పడవ కట్టేసి ఉంది. దాని వెనక్కి వెళ్ళావు. రాలేదు. నాకు ఈత రాదు. అరుద్దామంటే గొంతు లేవలేదు. ముల్లు తిరుగుతోంది, నేను దాన్నే చూస్తున్నాను. నాలుగు నిమిషాల పది సెకన్లకి టోపీ అటువైపు నుంచి బయటికి వచ్చింది.”

టీచరమ్మకు ఆ పడవ గుర్తుకు వచ్చింది. పడవే కాదు, అందులో కూర్చున్న మనిషి కూడా.

“ఆ పడవలో ఒకావిడ గొడుగు వేసుకుని కూర్చుంది,” అంది మెల్లగా. “ఏమ్మా, చేపపిల్లవా ఏంటి, అని పలకరించింది. పడవ అంచు పట్టుకుని ఆవిడతో కబుర్లు చెప్పాను.”

“కబుర్లా?”

“కబుర్లు. ఆవిడ కోడలి మీద చాడీలు చెప్పింది. నేను విన్నాను.” ఆమె గొంతు ఒక్కసారి పైకి లేచింది. “నాలుగు నిమిషాల కబుర్లకి ఇరవై తొమ్మిదేళ్ళా అండీ!”

“నాకు భయం వేసింది.”

“భయం వేసిందని చెప్పొచ్చుగా!”

“ఎలా చెప్పను? నవ్వుతావనుకున్నాను.”

“నవ్వేదాన్ని. తప్పకుండా నవ్వేదాన్ని. నవ్వి, మర్నాటి నుంచి పడవకి ఇవతలే ఈదేదాన్ని! అంతే కదా? మీ భయానికి మీ నోరు చాలక, లేని జోస్యుడి నోరు అరువు తెచ్చుకున్నారు. ఆ నోటికి జడిసింది ఎవరు? మీ అక్క. ఇన్నేళ్ళూ నేను తిట్టుకున్నది ఎవర్ని? మీ అక్కని! నన్ను ఒడ్డున కూర్చోబెట్టింది ఈవిడేనని, ఈవిడ మూఢత్వమేనని, ప్రతి ఎండాకాలం మనసులో తిట్టుకున్నాను. మీరు పక్కనే కూర్చుని గడియారాలు బాగుచేసుకున్నారు.”

అతను బల్ల మీది మరల్ని ఒక్కొక్కటే డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు.

వదిన నేల మీది కాయల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులు వేస్తూ తన గదిలోకి వెళ్ళింది. ఇనప్పెట్టె మూత లేచిన చప్పుడు, పడిన చప్పుడు వినిపించాయి. తిరిగివచ్చి, నాలుగు మడతలు పెట్టిన నల్ల సూటును మరదలి చేతిలో పెట్టింది. అది కలరా ఉండల వాసన కొడుతోంది.

“మూడు కావస్తోంది. పద,” అంది.

“మీరెక్కడికి వదినా?”

“ఇరవై తొమ్మిదేళ్ళు దేనికి హడలి చచ్చానో ఒకసారి కళ్ళారా చూడొద్దూ?”

“నేనూ వస్తాను,” అని భర్త లేచాడు.

“మీరు రావద్దు,” అంది టీచరమ్మ. “మీరు ఒడ్డున ఉంటే నాకు అచ్చిరాదు.” అది హాస్యమో శాపమో తేల్చుకోలేక అతను మళ్ళీ కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ మెట్లు దిగే చప్పుడు చాలాసేపు వినబడింది. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకరికి అరవై నాలుగేళ్ళు.

కొలను దగ్గర కోచ్‌కు విజిల్ నోట్లో పెట్టుకునే మాట్లాడే అలవాటు. అందుకే అందరూ అతన్ని విజిల్ అనే పిలుస్తారు. అతను చెప్పిన నియమాలు సగం మాటలుగా, సగం ఈలగా వచ్చాయి.

“బాబూ,” అంది వదిన, “అది నోట్లోంచి తీసి చెప్పు. పిట్టలకి చెబుతున్నావా, మనుషులకా?”

అతను సిగ్గుపడి తీశాడు. “పది లెంగ్తులు మేడం. ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకటి. ఏ ఈతైనా సరే. తిరిగేటప్పుడు గోడ ముట్టుకోవచ్చు. గోడ పట్టుకుని ఆగినా, తాడు పట్టుకున్నా, కాళ్ళు కింద ఆనించినా అయిపోయినట్టే. మధ్యలో వద్దనిపిస్తే చెయ్యెత్తండి, నేను దూకేస్తాను.”

“ఎత్తను,” అంది టీచరమ్మ.

“మీ కాలంలో ఎంతలో ఈదేవారు మేడం?”

“నా కాలం ఇంకా అయిపోలేదు నాయనా. ముందు ఇవాళ్టిది చూడు.”

పక్క లేన్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆమెను చూసి, ఒకరినొకరు చూసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. టీచరమ్మకు ప్రాణం లేచివచ్చింది. నవ్వుతున్నారు! కుర్చీ తేవడం లేదు, నవ్వుతున్నారు! ఆమె టోపీ సర్దుకుని దూకింది.

మొదటి రెండు లెంగ్తులూ ఒళ్ళు తనకు తానే ఈదింది. ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టిన చీర మడతలు గుర్తుంచుకున్నట్టు భుజాలు బారను గుర్తుంచుకున్నాయి. చెయ్యి చాపడం, నీటిని పట్టి వెనక్కి తోయడం, మూడో బారకు ముఖం పక్కకు తిప్పి గాలి పీల్చడం. నడుం లోతులో చేసింది ఈత కాదని, ఈతకు ముగ్గు వేసుకోవడం మాత్రమేనని లోతులోకి వచ్చాక తెలిసింది. అడుగున నీలి పలకలు కిందికి, ఇంకా కిందికి జారిపోయాయి. మూడో లెంగ్తులో గుండె చెవుల్లోకి వచ్చింది. నాలుగో దాంట్లో ఊపిరి బాకీ పడింది. ఇది గండం కాదు, ప్రాణవాయువు లెక్క అని తనకు తాను చెప్పుకుంది. తీసుకునేదానికన్నా ఖర్చు ఎక్కువ అవుతోంది. బార నిదానించు, లెక్క సరిపోతుంది. నిదానించింది. సరిపోయింది.

ఏడో లెంగ్తు మధ్యలో ఎడమ పిక్క పట్టేసింది.

ఎవరో లోపలి నుంచి తాడు మెలిపెట్టినట్టు కండ బిగిసింది. కాలు కర్రయింది. నోట్లోకి నీళ్ళు పోయాయి. లేన్ తాడు జానెడు దూరంలో ఎర్రగా, తెల్లగా తేలుతోంది. పట్టుకుంటే చాలు, నొప్పి తగ్గుతుంది. పట్టుకుంటే ఆరు నెలలు. పట్టుకుంటే కింద ఆఫీసు, హాజరు పట్టికలు.

“మేడం! చెయ్యెత్తండి!” విజిల్ అరుస్తున్నాడు.

ఆమె వెల్లకిలా తిరిగింది. పట్టేసిన కాలి వేళ్ళను తనవైపు వంచి ఉంచి, రెండో కాలితో నీటిని తన్నుతూ, చేతులతో తెడ్లు వేసుకుంది. ఏ ఈతైనా సరే అన్నాడు కదా, ఇదీ ఈతే. కప్పు మీద దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. నొప్పి ఉంది. ఉండనీ. నిండా మునిగినవాడికి చలేమిటి?

ఆ పడకలో, చూడవచ్చినవాళ్ళు కూర్చునే మెట్ల వరస కనబడింది. అందరూ కూర్చుని ఉన్నారు. ఒక్క మనిషి నిలబడి, ముందున్న ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉంది.

“ఏడు!” అని గోడ తగలగానే ఆ మనిషి అరిచింది. కొలను అంతా మారుమోగింది.

“అమ్మా, అరవకూడదమ్మా ఇక్కడ,” అన్నాడు విజిల్.

“నా మరదలు, నా నోరు. నువ్వు ఈలేసుకోగా లేంది నేను అరవకూడదా? ఎనిమిది కానీవే అమ్మాయ్! కానీ!”

ఎనిమిది అయింది. పక్క లేన్ అమ్మాయిలు ఆగిపోయి, గోడకు ఆనుకుని చూస్తున్నారు. తొమ్మిదో దాంట్లో పిక్క కొద్దిగా వదిలింది. మళ్ళీ బోర్లా తిరిగి బార అందుకుంది. పదోది ఎలా ఈదిందో ఆమె తరువాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చెయ్యి గోడకు తగిలిన సంగతి ముందు చెవులకు తెలిసింది.

“పది! పది! రాసుకో అబ్బాయ్, పది!”

విజిల్ ఆమె కార్డు మీద ‘లోతు’ అని ముద్ర వేశాడు. “చివరి నాలుగూ చూసి నాకే కాళ్ళు వణికాయి మేడం,” అన్నాడు.

“రేపట్నుంచి ఎన్నింటికి తెరుస్తారు?”

“ఆరింటికి.”

“ఐదూ యాభైకే నేను గేటు దగ్గరుంటాను.”

తడి జుట్టును తువ్వాలుతో అదుముకుంటూ ఆమె మెట్ల దగ్గరికి వచ్చేసరికి వదిన కూర్చుని ఉంది. అంత గొంతు చించుకున్న మనిషి ఇప్పుడు నీళ్ళవైపు చూస్తూ ఊరుకుంది. టీచరమ్మ పక్కన కూర్చుని పిక్క నొక్కుకుంటూ, మెచ్చుకోలు కోసం కాసేపు చూసింది. ఆ తరువాత అడిగేసింది.

“ఏం వదినా, ఏమీ అనరేం?”

“ఏమనను? నీకేం, చేపవి.” వదిన చూపు తిప్పలేదు. “ఆ రోజు వాడు రెండు మాటలు తెచ్చాడే.”

“ఎవరు?”

“నా తమ్ముడు. ఆ జోస్యుడి దగ్గర్నుంచి. నీదొకటి, నాదొకటి.”

టీచరమ్మ చెయ్యి పిక్క మీదే ఆగిపోయింది.

“అప్పట్లో లైబ్రరీలో ఒకాయన పనిచేసేవాడు. లైబ్రేరియన్. నాకు ముప్ఫై అయిదు, ఆయనకి నలభై. ఇద్దరికీ వయసు మీరిందని ఊరనుకునేది, మేం అనుకోలేదు. నన్ను చేసుకుంటానని ఇంటికి కబురు పెట్టాడు. నీ గురించీ నా గురించీ కలిపి అడిగి రమ్మనే వీణ్ణి పంపించాను. నీది చెప్పాక అన్నాడు, ‘ఇంకో మాట కూడా కూశాడక్కా, నవ్వొస్తుంది వింటే’ అని.”

“ఏమిటది?”

“నేను ఈ ఇంటి గడప దాటి వేరే ఇంటికి వెళితే వీడు ఏడాది తిరక్కుండా పోతాడట.” వదిన పెదవి ఒక పక్కకు లాక్కుపోయింది. “వాడు నవ్వుతూనే చెప్పాడు. నేను నవ్వలేదు. లైబ్రేరియన్‌కి కుదరదని చెప్పించాను. ఎందుకో చెప్పలేదు. పైకి అంటే తగులుతుందని.”

“నాకెప్పుడూ చెప్పలేదేం వదినా?”

“నీకు చెబితే, లెక్క వేసి తప్పని తేల్చేస్తావని భయం. తప్పని తేలితే ఇక నేనేం చేసేదాన్ని?”

టీచరమ్మ వదిన చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది, నీళ్ళలో ఈదింది ఆవిడే అన్నట్టు.

బయట గేటు దగ్గర, చెప్పుల అరల పక్కన, భర్త నిలబడి ఉన్నాడు. రావద్దన్నా వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. భార్య తడి జుట్టు చూసి, చేతిలో కార్డు చూసి, అతని ముఖం విప్పారింది.

“నెగ్గావా?” అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపు వదిన అతని ముందుకు వెళ్ళి నిలబడింది.

“ఒరేయ్ తమ్ముడూ. ఒక్కటే అడుగుతాను. ఆ రెండో మాట ఎవరిది?”

“ఏ రెండో మాట?”

“నేను గడప దాటితే నువ్వు పోతావన్న మాట.”

అతని ముఖంలో విప్పారింది విప్పారినట్టే ఉండిపోయింది. కింద నుంచి రంగు మాత్రం దిగిపోయింది.

“అక్కా…”

“అక్కా అని తరవాత అందువుగాని. ఎవరిది?”

అతను భార్యవైపు చూశాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అక్క గద్దించినప్పుడల్లా అతను అలాగే చూసేవాడు; ఆమె ఏదో ఒక మాట అడ్డం వేసి గట్టెక్కించేది.

టీచరమ్మ వెళ్ళి వదిన పక్కన నిలబడింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు ఆమె భుజాల మీద, వదిన భుజం మీద కూడా కారుతున్నాయి.

“చెప్పండి,” అంది.